పదకొండో నంబరు పార్కింగు

వైశాఖం నడిమధ్య, కవాడిగూడలో,
లారీ మీంచి పడవ దిగింది.
ఆరుగురు హమాలీలు. అందులో ముసలాయన
చెమట తుడుచుకుంటూ, "నీళ్ళేడున్నయమ్మా దీనికి?" అన్నాడు.
నేను గేటు ఎత్తు కొలుస్తున్నాను.

నైనితాల్ నుంచి ఆరు రోజుల దారి.
నా మోకాళ్ళు రైల్లో ముందే వచ్చాయి.
వాటి కోసమే ఇదంతా.
చలి చాలు, వెచ్చని ఊరు చూసుకోండన్నాడు డాక్టరు పంత్.
పడవ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

దేవదారు పలకలు, రాగి మేకులు.
పేరు ఘుఘుతి. అక్కడి మాటలో గువ్వ.
బడిపిల్లలకి నదులూ పర్వతాలూ వల్లెవేయించిన జీతంతో
ముప్పై ఎనిమిదో ఏట కొన్నాను,
చుట్టాలు సంబంధాలు తేవడం మానేసిన ఏడు.

ఫ్లాట్ల సంఘం మీటింగు పెట్టింది.
నాకు కారు లేదు, చోటుంది కదా అన్నాను.
"పడవ వాహనమెలా అవుతుంది?"
సెక్రెటరీ వైకుంఠరావు గారు నిబంధనలు తిరగేశారు.
రెండు చక్రాలవి ఉన్నాయి, నాలుగు చక్రాలవి ఉన్నాయి,
చక్రాలే లేనిదాని గురించి ఎవరూ రాసిపెట్టలేదు.
అట్లా గెలిచాను.

గెలిచిన నాలుగో రాత్రి చప్పుడు.
ఎవరో వేళ్ళు విరుచుకున్నట్టు ఫట్‌మని ఒకటి,
కాసేపాగి ఇంకొకటి.
టార్చి పట్టుకుని దిగాను.
లోపల పెట్టి వెలిగిస్తే
బయట నేల మీద పొడుగాటి వెలుగు గీతలు,
పక్కనున్న స్కూటరు మీద కూడా.

నలభై రెండు డిగ్రీలు. నాకు హాయిగా ఉంది.
మెట్లు దిగినా మోకాలు మాట్లాడలేదు.
ఇరవై ఆరేళ్ళు నీళ్ళ మీదే బతికిందది,
ఎండటం ఎట్లాగో ఎవరు నేర్పారు దానికి?

లప్పం పట్టించమని ఒకరు.
రాణిగంజ్‌లో ఏదో జిగురు దొరుకుతుందని ఒకరు.
అమ్మేయమని, కొంచెం మెల్లగా, ఇంకొకరు.
వాచ్‌మన్ చంద్రప్ప ఏమీ అనలేదు, చేయిపెట్టి తడిమాడు.
నారాయణపేట అవతల ఊరు,
పడవను దగ్గరగా చూడటం ఇదే మొదలు.
"బండి గీరెలు గూడ ఎండకాలం గిట్లనే వదులైతయమ్మా.
ఆకులు లొడలొడమంటయి, ఇనుపపట్టా ఊడొస్తది.
రాత్రంత నీళ్ళల్ల పండవెడ్తం.
తెల్లారెటాళ్ళకు బిర్రుగైతయి."
"వాగు ఎండిపోతే?"
"గడ్డి తడిపి కప్పుతం. ఏదో ఒకటి జేస్తం."

నల్లా రోజు విడిచి రోజు. ట్యాంకరు పిలిపించాను.
పైపు పడవలోకి వేయగానే
అన్ని సందుల్లోంచీ ఒకేసారి కారింది.
మూడో అంతస్తు తాహెరా బేగం పైనుంచి కేకేసింది,
ఎండల్లో ఇన్ని నీళ్ళు నేలపాలా అని.
నిజమే. సిగ్గేసింది.
ఆవిడే బకెట్టు తెచ్చి సందు కింద పెట్టింది.
తర్వాత బేసిన్లు వచ్చాయి, గుండిగలు వచ్చాయి,
ఎవరిదో బిర్యానీ దేగిశా వచ్చింది.
దేవదారు వాసనేస్తున్న నీళ్ళతో
ఆ సాయంత్రం బట్టలు ఉతికారు, కరివేపాకుకి పోశారు.

మొదటి రోజు పది నిమిషాలకో బకెట్టు.
రెండో రోజు అరగంటకి.
మూడో రోజు పొద్దున, చీకటితోనే,
వైకుంఠరావు గారు నావైపు చూడకుండా వచ్చి
తన చెంబు పెట్టి వెళ్ళారు.
అది నిండేసరికి మధ్యాహ్నం దాటింది.

నాలుగో రోజు చంద్రప్ప చెవి ఆనించి విన్నాడు.
పిల్లల్ని గమ్మునుండమన్నాడు.
"బిర్రుగైంది."

లోపల నీళ్ళు, బయట నేల.
ఏ పడవా ఇట్లా ఉండి ఉండదు.
చీర కాస్త ఎత్తి, అంచు మీద కూర్చుని
కాళ్ళు లోపల పెట్టాను.
అక్కడైతే మోచేతిదాకా కొంకర్లు పోయేవి.
ఇవి గోరువెచ్చగా ఉన్నాయి,
పసిపిల్లకి పోసే నీళ్ళలా.

హుసేన్ సాగర్‌లో దించడానికి పెట్టిన అర్జీ
ఏ బల్ల మీదుందో తెలీదు. వానలు ఇంకా నెల.
ట్యాంకరు అబ్బాయి ఫోను చేశాడు,
రేపు రావాలా మేడమ్ అని.

రోజు విడిచి రోజు రమ్మన్నాను.